గోడ లోపలి చెమ్మను పట్టేసే కెమెరా.. గోదావరి జిల్లాల్లో హోమ్ ఇన్‌స్పెక్షన్ బిజినెస్‌కి ఛాన్స్ ఎంత?

రాజమండ్రి అయినా, భీమవరం అయినా, అమలాపురం అయినా.. ఇల్లు కొనేటప్పుడు మనం చూసేవి ఏంటి? లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, వాస్తు, ఫేసింగ్, రేటు. ఇవన్నీ ఓకే. మరి గోడ లోపల ఏముందో ఎవరు చూస్తున్నారు? స్లాబ్ ఎక్కడ కారుతోందో, స్విచ్ బోర్డు లోపల ఏ వైరు వేడెక్కుతోందో చెప్పేదెవరు?

చాలాసార్లు ఎవరూ చెప్పరు. అమ్మకానికి ముందు పుట్టీ పెట్టి, రంగు వేసేస్తే గోడ కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోతుంది. రిజిస్ట్రేషన్ అయ్యి, గృహప్రవేశం అయ్యి, మొదటి వానాకాలం వచ్చాక అసలు విషయం బయటపడుతుంది. అప్పటికి లక్షలు చేతులు మారిపోయి ఉంటాయి.

ఈ గ్యాప్‌లోనే ఓ కొత్త వృత్తి ఉంది. పేరు హోమ్ ఇన్‌స్పెక్షన్. దానికి బలమైన ఆయుధం థర్మల్ కెమెరా. సివిల్, ఎలక్ట్రికల్ డిప్లొమా లేదా ఇంజినీరింగ్ చేసిన కుర్రాళ్లకి ఇదో ఉపాధి మార్గం అయ్యే వీలుంది. అయితే కెమెరా కొన్నంత మాత్రాన బిజినెస్ నడవదు. ఎందుకో, ఎలాగో వివరంగా చూద్దాం.

అసలు హోమ్ ఇన్‌స్పెక్షన్ అంటే ఏంటి?

అమెరికాలో ఉంటున్న మన గోదావరి జిల్లాల వాళ్లని అడగండి, టక్కున చెప్పేస్తారు. అక్కడ ఇల్లు కొనే ముందు ఇన్‌స్పెక్టర్‌ని పిలిపించడం మామూలు విషయం. రూఫ్, పునాది, ప్లంబింగ్, కరెంటు, ఏసీ.. అన్నీ చూసి ఫొటోలతో రిపోర్ట్ ఇస్తాడు. ఆ రిపోర్ట్ చూపించి రేటు తగ్గించమని అడుగుతారు, లేదంటే రిపేర్ చేయించి ఇమ్మంటారు. ఇన్‌స్పెక్టర్ల సంఘం 'ఆషి' అక్కడ 1976లోనే మొదలైంది. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో అయితే ఇన్‌స్పెక్టర్‌కి రాష్ట్ర రియల్ ఎస్టేట్ కమిషన్ లైసెన్స్ తప్పనిసరి.

మన దగ్గర దీనికంటూ ప్రత్యేక లైసెన్స్ చట్టం లేదు. పెద్ద నగరాల్లో కొన్ని సంస్థలు ఈ సర్వీస్ ఇస్తున్నాయి. చిన్న టౌన్లలో మాత్రం తెలిసిన మేస్త్రి గారినో, ఇంజినీర్ గారినో బతిమాలి తీసుకెళ్లి చూపించడమే. "ఏం పర్లేదండీ, బానే ఉంది" అంటే కొనేయడమే. ఆ మాటకి కాగితం ఉండదు, ఫొటో ఉండదు.

థర్మల్ కెమెరా ఎలా పనిచేస్తుందంటే..

ప్రతి వస్తువూ తన వేడిని బట్టి కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు వదులుతుంది. ఈ కిరణాలున్నాయని 1800లోనే విలియం హెర్షెల్ అనే శాస్త్రవేత్త కనిపెట్టారు. సూర్యకాంతిని ప్రిజంతో రంగులుగా విడగొట్టి, ఒక్కో రంగు దగ్గరా థర్మామీటర్ పెట్టి చూశారు. ఎరుపు దాటాక, ఏ రంగూ లేని చోట కూడా థర్మామీటర్ పైకెక్కింది!

బిల్డింగుల కోసం వాడే కెమెరాలు సాధారణంగా 8 నుంచి 14 మైక్రాన్ల మధ్య ఉండే కిరణాల్ని పట్టుకుని బొమ్మగా చూపిస్తాయి. వేడిగా ఉన్నచోట పసుపు, తెలుపు.. చల్లగా ఉన్నచోట నీలం, ఊదా. 2020లో కరోనా టైమ్‌లో ఎయిర్‌పోర్టుల్లో జ్వరం చూడ్డానికి పెట్టినవీ ఈ జాతి కెమెరాలే. సబ్‌స్టేషన్లలో, పెద్ద ఫ్యాక్టరీల్లో జాయింట్లు వేడెక్కుతున్నాయా అని చూడ్డానికి వీటిని ఎప్పట్నుంచో వాడుతున్నారు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఈ కెమెరా గోడ లోపలికి చూడదు. గోడ పైభాగం వేడిని మాత్రమే చూస్తుంది. లోపల నీళ్లుంటే పైన వేడి మారుతుంది, ఆ మార్పు మనకి కనిపిస్తుంది. అంతే. "గోడ అవతల మనుషులు కనిపిస్తారు" అనేది సినిమా కథ. అద్దం అవతల ఉన్నది కూడా ఇది చూడలేదు.

గోదావరి డెల్టాలో దీని అవసరం ఎందుకు ఎక్కువ?

1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక ఈ నేల దశ తిరిగింది. కాలువలు వచ్చాయి, సార్వా, దాళ్వా రెండు పంటలు వచ్చాయి. దాంతోపాటు నేలలో నీటి మట్టం కూడా పైకొచ్చింది. కాలువల్లో నీళ్లున్న నెలల్లో చాలా ఊళ్లలో కొద్ది అడుగులు తవ్వితే చాలు, నీళ్లు కనిపిస్తాయి.

ఇప్పుడు టౌన్ల చుట్టూ ఏం జరుగుతోంది? పొలాలకి మట్టి, బుసక తోలి, మెరక చేసి లేఅవుట్లు వేస్తున్నారు. కింద బంకమన్ను, పైన కొత్తగా పోసిన మెరక. సరిగ్గా కుదురుకోకముందే ఇల్లు కడితే గోడలకి బీటలొస్తాయి. ప్లింత్ దగ్గర చెమ్మ ఆపే పొర సరిగా వేయకపోతే నేలలోని నీరు ఇటుకల గుండా పైకి పాకుతుంది. నీరు ఆరిపోయి ఉప్పు మిగులుతుంది. గోడ చౌడు పట్టి, పెచ్చులూడుతుంది.

దానికి తోడు వరదలు. 1986 ఆగస్టు నాటి వరద పెద్దవాళ్లకి ఇప్పటికీ గుర్తే. 2022 జులైలో కూడా కోనసీమ లంక గ్రామాలు నీళ్లలోనే ఉన్నాయి. ముంపు తగ్గాక గోడ పైకి ఆరినట్టు కనిపించినా లోపల తేమ చాలాకాలం ఉండిపోతుంది. ఇక కాకినాడ, అంతర్వేది, నరసాపురం వైపు సముద్రపు ఉప్పుగాలి. తేమ, ఉప్పు కలిస్తే స్లాబ్ లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బి కాంక్రీట్‌ని బయటకి తోస్తుంది. సీలింగ్ పెచ్చులు మంచం మీద పడేది అందుకే.

అంటే ఇక్కడ ఇంటికి పెద్ద శత్రువు నీరే. నీటి జాడ చూపించే పరికరానికి ఇంతకంటే పని ఉన్న చోటు ఇంకేం ఉంటుంది?

ఈ కెమెరాతో ఏమేం కనిపెట్టొచ్చు?

స్లాబ్, బాత్‌రూమ్ లీకేజీ: డాబా మీద గట్టు కట్టి 24 నుంచి 48 గంటలు నీళ్లు నిలబెడతారు. నీళ్లు పోయకముందు ఒకసారి, తర్వాత ఒకసారి కింది నుంచి సీలింగ్‌ని కెమెరాతో తీస్తారు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితే నీరు దిగుతున్న దారి తెలుస్తుంది. పైఫ్లాట్ బాత్‌రూమ్ వల్ల కింది ఫ్లాట్‌లో చెమ్మ వచ్చే గొడవల్లో ఇది బాగా పనికొస్తుంది.

గోడ కింద చెమ్మ: తడి గోడ మీద నీరు ఆవిరవుతుంటే అక్కడ చల్లబడుతుంది. కుండలో నీళ్లు చల్లగా ఉండేదీ ఇదే లెక్క. నేల నుంచి సుమారు మీటరు ఎత్తు వరకు గోడ పొడవునా చల్లటి పట్టీ కనిపిస్తే నేల చెమ్మ అని అనుమానించాలి. ఒకే చోట గుండ్రంగా కనిపిస్తే పైపు లీకేజీ కావచ్చు.

కరెంటు బోర్డులు: లూజ్ కనెక్షన్ ఉన్నచోట వేడి పుడుతుంది. మంటలు రాకముందే ఆ వేడి కెమెరాలో కనిపిస్తుంది. ఒకే రకం లోడ్ ఉన్న రెండు కనెక్షన్ల మధ్య వేడి తేడా 15 డిగ్రీలు దాటితే పెద్ద లోపంగా చూడాలని అమెరికాలోని 'నెటా' సంస్థ పట్టిక చెబుతుంది. అయితే ఏసీ, గీజర్, మోటార్ లాంటివి ఆన్ చేసి కాసేపు ఉంచాకే చూడాలి. లోడ్ లేని వైరు వేడెక్కదు, లోపమూ బయటపడదు. బోర్డు మూత తీసే పని మాత్రం అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి.

సోలార్ ప్యానెల్స్: 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చింది. 3 కిలోవాట్ల సిస్టమ్‌కి 78 వేల రూపాయల వరకు కేంద్రం సబ్సిడీ ఇస్తోంది. డాబాల మీద ప్యానెల్స్ పెరిగాయి. ప్యానెల్‌లో పాడైన సెల్ మిగతా వాటికంటే వేడెక్కి కెమెరాలో మచ్చలా కనిపిస్తుంది. దీన్ని మంచి ఎండలో, సిస్టమ్ నడుస్తున్నప్పుడే చూడాలి.

టైమింగే అసలు కీలకం

వేడి తేడా ఉంటేనే ఈ కెమెరాకి బొమ్మ. గదిలో అంతా ఒకే వేడి ఉంటే తడి గోడ కూడా పొడి గోడలాగే కనిపిస్తుంది. మన దగ్గర చిక్కు ఇక్కడే. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు నీరు సరిగా ఆవిరవదు. కాబట్టి తడి గోడ పెద్దగా చల్లబడదు. ముసురు పట్టిన రోజున వెళ్లి, నాలుగు ఫొటోలు తీసి, "మీ గోడ సూపర్ అండీ" అని వచ్చేస్తే అది తప్పుడు రిపోర్టే.

అందుకే తేడాని మనమే పుట్టించాలి. గదిలో ఏసీ కొన్ని గంటలు నడిపించాలి, లేదా ఫ్యాన్లతో గాలి ఆడించాలి. డాబా అయితే ఎండ కాసిన రోజు సాయంత్రం, పొద్దుగూకాక చూడాలి. పగలు వేడెక్కిన స్లాబ్ చల్లారేటప్పుడు తడిగా ఉన్నచోటు నెమ్మదిగా చల్లారుతుంది. అప్పుడు ఆ చోటు వేడి మచ్చలా విడిగా కనిపిస్తుంది.

ఇంకో విషయం. నేల చెమ్మ సార్వా రోజుల్లో ఒకలా, వేసవిలో కాలువలు కట్టేశాక ఇంకోలా ఉంటుంది. ఏ నెలలో చూశారు, ముందు రోజు వాన పడిందా, గదిలో వేడి ఎంత, తేమ ఎంత.. ఇవన్నీ రిపోర్టులో రాయాలి. ఇవి లేని థర్మల్ ఫొటో ఉత్త రంగుల బొమ్మ.

కెమెరా బోల్తా కొట్టించే సందర్భాలివే

నీలం మచ్చ కనిపించిందంటే నీళ్లే అని కాదు. ఏసీ గాలి నేరుగా తగిలే చోటు కూడా నీలంగానే ఉంటుంది. గోడ లోపలి పిల్లర్, బీమ్ ఇటుక కంటే వేరే వేడిలో ఉండి గీతలా కనిపిస్తాయి. ఏసీ గది పక్క గోడ మీద బయటి తేమ గాలి తగిలి నీరు పట్టొచ్చు. అది లీకేజీ కాదు, చల్లటి బాటిల్ మీద చెమట పట్టినట్టే.

మెరిసే లోహాలతో ఇంకో తంటా. రంగు వేసిన గోడ తన వేడిని దాదాపు నిజాయితీగా చూపిస్తుంది. మెరిసే రాగి, అల్యూమినియం, స్టీల్ మాత్రం చుట్టుపక్కల వేడిని అద్దంలా ప్రతిబింబిస్తాయి. లోపల కాలిపోతున్నా కెమెరాలో చల్లగా కనిపించొచ్చు. కరెంటు ఆపాక ఆ లోహం మీద నల్ల ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించి, మళ్లీ ఆన్ చేసి టేప్ మీద వేడి చూడటం ఓ పద్ధతి. ఇదీ ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పనే.

కాబట్టి రూల్ సింపుల్. కెమెరా అనుమానం చెబుతుంది, మాయిశ్చర్ మీటర్ నిర్ధారిస్తుంది. మచ్చ కనిపించిన చోట ఒకసారి, పొడిగా ఉన్న పక్క చోట ఒకసారి మీటర్ పెట్టి రెండు రీడింగులూ రాయాలి. మీటర్ లేకుండా కెమెరా ఒక్కటే పట్టుకుని తిరిగే వాళ్ల రిపోర్ట్ నమ్మొద్దు.

ఏ కెమెరా కొనాలి?

ఫోన్‌కి తగిలించుకునే థర్మల్ కెమెరాలు 2014 నుంచి మార్కెట్‌లో ఉన్నాయి. ఫ్లిర్, ఫ్లూక్, టెస్టో, హిక్‌మైక్రో లాంటి కంపెనీలు చేతిలో పట్టుకునే మోడళ్లు అమ్ముతున్నాయి. కొనేటప్పుడు చూడాల్సినవి ఇవి.

మొదటిది రిజల్యూషన్. 80×60 అంటే బొమ్మ మొత్తానికి 4,800 చుక్కలే. నేర్చుకోవడానికి సరే, రిపోర్టుకి చాలదు. 160×120 అంటే 19,200 చుక్కలు, మొదలుపెట్టడానికి పర్వాలేదు. 256×192 లేదా 320×240 అయితే పని హాయిగా సాగుతుంది. ఫోన్ కెమెరా మెగాపిక్సెళ్లతో దీన్ని పోల్చుకోవద్దు.

రెండోది సెన్సిటివిటీ. 0.05 డిగ్రీల తేడాని కూడా పట్టగలిగితే గోడల చెమ్మకి మంచిది. ఈ నంబర్ ఎంత తక్కువ ఉంటే అంత మేలు. మూడోది, మామూలు ఫొటో, థర్మల్ ఫొటో రెండూ ఒకేసారి తీసే సౌకర్యం. నాలుగోది క్యాలిబ్రేషన్, సర్వీస్ ఎక్కడ చేస్తారో ముందే అడగాలి.

పెట్టుబడి తిరిగి రావాలంటే?

లెక్క తేలికగా అర్థమవడానికి కొన్ని అంకెలు అనుకుందాం. ఇవి మార్కెట్ రేట్లు కావు, ఉదాహరణ మాత్రమే. కెమెరా, మాయిశ్చర్ మీటర్, టార్చ్, చిన్న టూల్స్ అన్నీ కలిపి 75 వేలు అయ్యాయి అనుకోండి. డబుల్ బెడ్‌రూమ్ ఇంటికి ఫీజు 3,500. పెట్రోల్, ప్రింట్లకి 700 పోతే 2,800 మిగులుతుంది. 27 ఇళ్లు చూస్తే పెట్టుబడి వెనక్కి వచ్చినట్టు. నెలకి 4 ఇళ్లు దొరికితే దాదాపు 7 నెలలు. ఇందులో మీ కష్టానికి జీతం వేసుకోలేదు, అది గుర్తుంచుకోండి.

సొంత డబ్బు లేకపోతే ముద్ర లోన్‌కి ట్రై చేయొచ్చు. శిశు విభాగంలో 50 వేల వరకు, కిశోర్‌లో 5 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం. సర్వీసులకి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటే వరకు సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

కస్టమర్లు ఎక్కడ దొరుకుతారు?

ముందుగా ఎన్నారైలు. అమ్మానాన్నల కోసం రాజమండ్రిలోనో, పాలకొల్లులోనో ఇల్లు కొనే పిల్లలు అక్కడి నుంచి వచ్చి చూడలేరు. వాళ్లకి ఇన్‌స్పెక్షన్ అలవాటే, కొత్తగా నచ్చజెప్పక్కర్లేదు. వీడియో కాల్‌లో ఇల్లంతా చూపించి, సాయంత్రానికి వాట్సాప్‌లో రిపోర్ట్ పంపిస్తే చాలు.

రెండోది అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు. లీకేజీ ఎవరి ఫ్లాట్ నుంచో తేలక నెలల తరబడి గొడవపడే చోట, ఇద్దరికీ సంబంధం లేని మూడో మనిషి రిపోర్ట్‌కి విలువ ఉంటుంది.

మూడోది కొత్త ఫ్లాట్ల యజమానులు. రెరా చట్టం, 2016లోని సెక్షన్ 14 ప్రకారం స్వాధీనం చేసిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం కానీ, పనితనంలో, నాణ్యతలో లోపం కానీ చూపిస్తే బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. లోపం ఎక్కడుందో తేదీతో, ఫొటోతో, రీడింగ్‌తో చూపించగలిగితే మాట బలంగా ఉంటుంది. 5 ఏళ్లు పూర్తయ్యే ముందు ఒకసారి చెక్ చేయించుకోమని గుర్తుచేయడం కూడా మీ బిజినెస్సే.

నాలుగోది ఇళ్లు కానివి. ఇది డెల్టాకే ఉన్న అదృష్టం. భీమవరం చుట్టుపక్కల చెరువుల దగ్గర ఏరియేటర్ల ప్యానెల్ బోర్డులు, ఐస్ ఫ్యాక్టరీలు, కోల్డ్ స్టోరేజీలు, రైస్ మిల్లుల మోటార్లు, బేరింగులు.. వీటన్నిటిలో పాడయ్యే ముందు వేడి పుడుతుంది. రాత్రి ఏరియేటర్ ఆగిపోతే తెల్లారేసరికి రొయ్య పోతుంది. అలాంటి రైతుకి బోర్డు చెక్ చేసే మనిషి విలువ చెప్పక్కర్లేదు. కాకపోతే దీనికి కరెంటు మీద పట్టు ఉండాలి, లేదా ఎలక్ట్రీషియన్‌తో కలిసి పనిచేయాలి.

ట్రైనింగ్ లేకుండా దిగొద్దు

థర్మోగ్రఫీకి లెవల్ 1, 2, 3 అని అంతర్జాతీయంగా సర్టిఫికెట్లు ఉన్నాయి. లెవల్ 1 వాళ్లు పద్ధతి ప్రకారం ఫొటోలు, రీడింగులు తీస్తారు. వాటిని విశ్లేషించి రిపోర్ట్ మీద బాధ్యత తీసుకోవడం లెవల్ 2 వాళ్ల పని. చేరే ముందు సంస్థ గుర్తింపు, ప్రాక్టికల్స్ ఎన్ని రోజులు అన్నది కనుక్కోండి. ఈలోగా సొంత ఇల్లు, చుట్టాల ఇళ్లు ప్రాక్టీస్‌కి వాడుకోండి. గోడ మీద కావాలని నీళ్లు చల్లి, గంటకోసారి ఫొటో తీస్తే తడి ఎలా కనిపిస్తుందో, ఎలా మాయమవుతుందో కళ్లకి అలవాటవుతుంది.

కమీషన్‌కి ఆశపడితే మొదటికే మోసం

ఈ బిజినెస్‌లో అమ్ముడయ్యేది నమ్మకం. లీకేజీ చూపించి, "మా వాళ్లతోనే వాటర్‌ప్రూఫింగ్ చేయించండి" అని కమీషన్ తీసుకుంటే ఆ రిపోర్ట్ మీద అనుమానం వస్తుంది. చిన్న మచ్చని పెద్ద లోపంగా చూపించాలనే ఆశ పుడుతుంది. అమెరికాలో ఆషి నియమావళి ప్రకారం ఇన్‌స్పెక్టర్ తాను చూసిన ఇంటికి ఏడాది పాటు డబ్బు తీసుకుని రిపేర్లు చేయకూడదు. బ్రోకర్ పిలిచినా, బిల్డర్ పిలిచినా ఉన్నది ఉన్నట్టు రాయాల్సిందే. ఒక్క డీల్ పోయినా పర్లేదు, టౌన్ చిన్నది, మాట పెద్దది. మంచైనా చెడైనా పది రోజుల్లో ఊరంతా పాకుతుంది.

ఇన్‌స్పెక్టర్‌ని పిలిచే ముందు ఈ ప్రశ్నలు అడగండి

- మాయిశ్చర్ మీటర్ కూడా తెస్తారా? కెమెరా ఒక్కటేనా?
- థర్మల్ ఫొటో పక్కన మామూలు ఫొటో పెట్టి ఇస్తారా?
- ఆ రోజు వాతావరణం, గది వేడి, రీడింగులు రిపోర్టులో రాస్తారా?
- రిపేర్ పనులు మీరే చేస్తారా? ఎవరి దగ్గరైనా కమీషన్ ఉందా?
- చూడలేకపోయిన చోట్లు కూడా రాస్తారా?

చివరి ప్రశ్న చాలా ముఖ్యం. తాళం వేసిన గది, బీరువా వెనక గోడ, ఫాల్స్ సీలింగ్ పైభాగం.. ఇవి చూడలేదని రాసే ఇన్‌స్పెక్టర్ మిగతా విషయాల్లోనూ నిజమే రాస్తాడని అనుకోవచ్చు. బీటలు పెద్దవిగా ఉన్నా, స్లాబ్ వంగినట్టు అనిపించినా కెమెరా రిపోర్ట్‌తో ఆగకుండా స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చూపించాలి. అడ్వాన్స్ ఇచ్చేశాక కాదు, ఇవ్వకముందే.